తేలు కుట్టేది కాలికి, దెబ్బ గుండెకు

శుక్రవారం క్యాంపు మీటింగ్‌లో చెప్పిన మాటలు, డ్యూటీలో ఉండి రానివాళ్ల కోసం రాసి పెడుతున్న. నేను డాక్టర్‌ని కాదు, పదో తరగతి చదివిన సూపర్‌వైజర్‌ని. తెలుసుకున్నంత చెప్తున్న.

ఎండలు ముదిరినయి, తేళ్లు బయటికొస్తయి. సౌదీ ఎడారిలో నల్ల తేలు, పసుపు తేలు రెండూ ప్రమాదమే. మన దగ్గరి ఎర్ర తేలు కూడా అట్లాంటిదే. కుట్టినచోట మంట తగ్గితే గండం గడిచిందనుకుంటం. అసలు గండం గుండెకు.

గుండె కణాలకు కంటికి కనబడని గేట్లు ఉంటయి. సోడియం గేటు తెరుచుకుంటే కణంలో కరెంటు పుడుతది, గుండె కొట్టుకుంటది. ఆ గేటు రెప్పపాటు కంటే ముందే మూసుకోవాలె. తర్వాత పొటాషియం బయటికి పోతే కణానికి విశ్రాంతి. తేలు విషం సోడియం గేటును మూసుకోనియ్యదు, తలుపు సందులో చెక్కముక్క పెట్టినట్టు. నరాలకూ ఇట్లాంటి గేట్లే. అవి మూసుకోకపోతే నరాలు ఆగకుండా పనిచేస్తయి, ఒంట్లో అడ్రినలిన్ వరద లెక్క పారుతది. బీపీ పెరిగి, గుండె అలిసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతది. ప్రాణం పోయేది అట్ల.

దీనికి మందు ఉంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ప్రజోసిన్ అనే బీపీ మందుతో ఎర్ర తేలు కుట్టినవాళ్లను ఎంతోమందిని బతికించిండు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సౌదీ ఆస్పత్రుల్లో విరుగుడు ఇంజెక్షన్ ఇస్తరు. ఏది ఇయ్యాలో డాక్టరే చూస్తడు, మీ అంతట మీరు గోలీలు మింగొద్దు.

కుట్టిన వెంటనే పక్కవాళ్లకు చెప్పండి. ఉంగరం, షూ తీసెయ్యండి. సబ్బుతో కడగండి. కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగ కట్టొద్దు. చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడుడు, గుండె దడ, ఆయాసం, వీటిలో ఏది కనబడ్డా 997కి ఫోన్ కొట్టండి. ఏదీ లేకున్నా ఆస్పత్రికి పోవాలె, ఎందుకంటే కొందరికి ఇవి గంటల తర్వాత మొదలైతయి.

పొద్దున సేఫ్టీ షూ, గ్లౌజులు దులిపి వేసుకోండి. ప్లైవుడ్, బ్లాకులు ఎత్తేటప్పుడు ఉత్త చెయ్యి కిందికి పెట్టొద్దు.

జీతం కోస్తరని కొందరు చెప్పకుండ రూములో పడుకుంటరు. తేలు కుట్టిన దొంగ లెక్క నోరు మూసుకోవద్దు తమ్ముడూ. నువ్వు దొంగవు కాదు. ఒకరోజు జీతం మళ్లీ వస్తది, ఇంటికాడ ఎదురుచూసేవాళ్లకు నువ్వు మళ్లీ రావు.