గొంగడి చెప్పు పాఠము



దక్కను గొఱ్ఱెల కాపరి దినము వేకువకు ముందే ఆరంభమగును. మందను లెక్కించి, కుంటుదానిని వేఱుచేసి, పిల్లలకు పాలు త్రాగనిచ్చి, బీళ్లకు తోలుకొనిపోవును. రాత్రి రైతు పొలమున మంద నిలిపిన, ఎరువునకు ప్రతిగా ధాన్యమో రూకలో లభించును. ఏటికి 2 మారులు నల్లని ఉన్ని కత్తిరింతురు. స్త్రీలు వడకుదురు, పురుషులు పడుగునకు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేయుదురు. అది చలిని, వానను గూడ ఆపును.

నేడు మాంసమునకు వెల హెచ్చి, ఉన్నికి తగ్గినది. ఉన్ని లేని జాతులతో సంకరమగుటచే దక్కనీ గొఱ్ఱె తఱుగుచున్నది.

ఈ బళ్లారి సీమలో కన్నడిగులు కంబళి యనునదే మన గొంగడి. బాలలారా! ఆ పనిముట్ల పేళ్లను మీ తాతల నడిగి వ్రాసికొనుడు. పని పోయినచో మాటయు పోవును, మాటనైన నిలుపుకొందము.