మరమగ్గానికి తెలుగు మాన్యువల్: ఏ మార్కప్ మేలు?



సూరత్‌లోని వరాఛా అనగానే వజ్రాల సాన గుర్తొస్తుంది. కానీ సూరత్ మరమగ్గాల నగరం కూడా. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. అలాంటి ఇళ్ల కార్మికులకు మగ్గం నడిపే పద్ధతిని, ప్రమాద సూచనలను తెలుగులో ఇవ్వాలంటే ఆ పాఠాన్ని ఏ మార్కప్ ప్రమాణంలో రాసి దాచాలన్నది ముందు తేల్చుకోవాలి.

వృత్తి పరిజ్ఞానాన్ని పద్ధతిగా విడదీసి రాయడం తెలుగువారికి తెలిసిన పనే. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాన్ని వెలువరించింది. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వచ్చాయి. పరిశోధకులు ఊరూరా తిరిగి పడుగు, పేక, నాడె, కండె వంటి మాటలను పనివారి నోటనే విన్నారు. మాట, దాని అర్థం, అది వినిపించే ప్రాంతం దేనికది నమోదైంది. ఎంత ఓపికైన పని! ఏ ముక్క ఏమిటో పేరు పెట్టి చెప్పడమే మార్కప్‌కూ ప్రాణం. అక్షరం లావా సన్నమా అన్నది తర్వాతి సంగతి.

కంప్యూటర్లలో ఈ ఆలోచనకు 1969లో ఐబీఎంలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ రూపమిచ్చారు. అది 1986లో ఎస్‌జీఎంఎల్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. 1998లో దాన్ని తేలిక చేసి ఎక్స్‌ఎంఎల్ తెచ్చారు. పుస్తకం మొత్తాన్ని అధ్యాయాలుగా చూసే డాక్‌బుక్, విడివిడి అంశాలుగా చూసే డీటా ఈ కుదురులోవే.

మరమగ్గం మీద పడుగు పోగు తెగిందనుకుందాం. డీటాలో దీన్ని ‘టాస్క్’గా రాస్తారు. ముందు హెచ్చరిక: మగ్గం పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. తర్వాత మెట్లు: తెగిన పోగు వెతకాలి, ముడి వేయాలి, అచ్చు పళ్ల మధ్య నుంచి లాగాలి. ప్రతి మెట్టుకూ ఒక ఆదేశం ఉండి తీరాలి. లేకపోతే ఫైలు తప్పని సాఫ్ట్‌వేరే చెబుతుంది. ఇక ఆ హెచ్చరికను ఒక్కచోట రాసి, అన్ని మోడళ్ల మాన్యువళ్లలోకీ రప్పించుకోవచ్చు. అనువాదకుడికి మారిన అంశాన్ని మాత్రమే పంపితే చాలు. గుజరాతీ, హిందీ, ఒడియా, తెలుగు కలిసి పనిచేసే నగరానికి ఇది చిన్న లాభం కాదు.

అలాగని నాలుగు మగ్గాల కార్ఖానాకు డీటా అక్కర్లేదు. సాదా పాఠంలోనే చిన్న గుర్తులు పెట్టే మార్క్‌డౌన్ సులువే గాని, దాని మూల ప్రమాణంలో హెచ్చరికకు ప్రత్యేక గుర్తు లేదు. చేతులు నలిగే చోట ఆ లోటు చిన్నది కాదు. అదే కోవకు చెందిన ఆస్కీడాక్‌లో ఆ గుర్తు ఉంది, అవసరమైతే పాఠాన్ని డాక్‌బుక్‌లోకీ మార్చుకోవచ్చు. కాబట్టి చిన్న కార్ఖానాకు ఆస్కీడాక్, ఎన్నో మోడళ్లు అమ్మే యంత్ర తయారీదారుకు డీటా. ఏది ఎంచుకున్నా పాఠం యూనికోడ్‌లో ఉండాలి. ముందు ఒక పేజీ పీడీఎఫ్ తీసి ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడుతున్నాయో చూడాలి.

సూరత్ తెలుగు సంఘాలు, హైదరాబాద్‌లోని టెక్నికల్ రైటర్లు నేతగాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మరమగ్గం భద్రతా సూచనలతో ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.