పొగ పెట్టని పొయ్యి

కడప, కర్నూలు పల్లెలకు 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. గ్యాసు చేరినా రాగి సంకటికి, స్నానం నీళ్లకు ఇంటి వెనక కట్టెల పొయ్యి మాత్రం ఆరలేదు.

పొయ్యి పొగ పెడితే ముందు కట్టెను చూడండి. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే. వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతే గిన్నెకేం మిగులుతుంది? మన కంపచెట్టు, అదే సర్కారు తుమ్మ, చేనుకు శత్రువే గానీ పొయ్యికి చుట్టం. ఎండితే దాని నిప్పు చానాసేపు నిలుస్తుంది. చీల్చి, తడవకుండా పేర్చి, ఒక ఎండాకాలం దాటనివ్వండి. రెండు కట్టెలు తట్టితే ఖణేల్‌మనాలి. చివర్లు పగిలి ఉండాలి.

అంటించడానికి కందికట్టె చాలు, కిరసనాయిలు వద్దు. పొయ్యి నిండా కుక్కకండి. అడుగున గాలాడితే ఊదుగొట్టం పట్టి కళ్లు ఎర్రజేసుకునే పని తప్పుతుంది. సంకటి గెలికేటప్పుడు మంట తీసేసి నిప్పుల మీదే ఉంచండి.

చలికని ఆ నిప్పుల్ని మూసిన గదిలో పెట్టుకోవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. బూడిదలో మర్నాటికీ నిప్పు దాగుంటుంది. దిబ్బలో పోసేముందు ఇన్ని నీళ్లు చల్లండి.