గంటలు రాసుకోండి



ఆస్ట్రేలియా 462 వీసా కింద 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు ఏటా 1,000 అవకాశాలున్నాయి. అలా వీపున సంచి తగిలించుకుని వెళ్లే మన పిల్లలు తోటల్లో పండ్లు కోసి ఖర్చులు వెళ్లదీసుకుంటారు. అక్కడ బకెట్ లెక్కన కోస్తే కొందరికి తిండిఖర్చూ వచ్చేది కాదు. కార్మిక సంఘం పోరాడి గెలిచింది. 2022 ఏప్రిల్ 28 నుంచి ఎంత కోసినా, పనిచేసిన గంటలకు కనీస వేతనం ఇవ్వాల్సిందే. వెళ్లేవారికి చెబుదాం: రోజూ గంటలు రాసుకోండి, పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకండి.

మరి మన మిరప చేలలో కిలో లెక్కన కోసే అక్కచెల్లెళ్ల సంగతేమిటి? పంటకు ధర లేక మనమూ పెంచలేకపోతున్నాం. అందుకే గిట్టుబాటు ధర, కూలికి హామీ రెండూ కలిపే అడుగుదాం.