ఏ దేశచరిత్రము శ్రేష్ఠము?

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



కేంద్రప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి ఒక భాగ్యము కలదు. ఒకే గదిలో వంగీయుడును, పంజాబీయుడును, తమిళుడును, మహారాష్ట్రుడును, తెలుగువాడును కూర్చుండి పనిచేయుదురు. ఫలాహారవేళ సంభాషణ ధరలనుండి రాజకీయములకును, రాజకీయములనుండి చరిత్రకును మరలును. అప్పుడొకరు శివాజీని, ఒకరు రాజరాజచోళుని, ఒకరు రణజిత్‌సింగును, ఒకరు కృష్ణదేవరాయలను ముందునకు తెత్తురు. వేడుకగా మొదలైన వాదము ఒక్కొక్కప్పుడు కటువుగా ముగియును. ఇంటియొద్ద పిల్లలు పాఠ్యపుస్తకమును మూసి, “అన్ని దేశములలోను ఎవరి చరిత్ర గొప్పది?” అని అడుగుదురు. పెద్దలు చెప్పు సమాధానమునుబట్టి ఆ పిల్లలు రేపు పొరుగువానిని ఏ దృష్టితో చూతురో నిర్ణయమగును. కావున ప్రశ్న బాల్యోచితమైనను విచారింపదగినది.

శ్రేష్ఠత్వమును నిర్ణయింపవలెనన్న ముందుగా కొలమానము ఉండవలెను. ప్రాచీనత కొలమానమందుమా? ఈజిప్టును, మెసొపొటేమియాను, సింధునాగరికతను మించిన దేశములు అరుదు. కాని ప్రాచీనత కాలము చేసిన పని. నేడు ఆ నేలపై నివసించువారి యోగ్యత కాదు. విజయయాత్రలు కొలమానమందుమా? 13వ శతాబ్దిలో మంగోలుల సామ్రాజ్యమంత విశాలముగా విస్తరించిన భూసామ్రాజ్యము వేరొకటి లేదు. ఆ విజేతలే 1258లో బాగ్దాదును నేలమట్టము చేసిరి. గెలిచినవారి కీర్తిని కొలుచు కోల ఓడినవారి కన్నీటిని కొలువదు.

స్వాతంత్ర్యమును, న్యాయమును కొలమానముగా గ్రహింతుమందురా, అది ఉత్తమమైన ప్రతిపాదనయే. దానినే పరీక్షింతము.

ప్రజాపాలనకు పుట్టినిల్లు ఏథెన్సు. అచ్చట పౌరులు సభగూడి స్వయముగా శాసనములు చేసికొనిరి. కాని ఆ సభలో స్త్రీలకును, బానిసలకును చోటులేదు. క్రీ.పూ. 416లో మెలోస్ అను చిన్న ద్వీపము తమకు లొంగలేదని ఏథెన్సువారు దానిని ముట్టడించిరి. లొంగిన పిమ్మట చేజిక్కిన వయోజనులైన పురుషులను చంపి, స్త్రీలను, శిశువులను బానిసలుగా అమ్మిరి. తమలో తాము స్వతంత్రులైనవారు ఇతరులకు స్వాతంత్ర్యము నీయలేకపోయిరి.

ఫ్రాన్సుదేశము 1789లో మానవహక్కులను ప్రకటించి లోకమును మేల్కొలిపినది. ఆ దేశపు వలసయైన సేంట్ డొమింగులోని బానిసలు 1791లో తిరుగుబాటు చేసి, 1804లో హైతి అను పేర స్వతంత్రులైరి. 1825లో ఫ్రెంచి ప్రభుత్వము యుద్ధనౌకలను పంపి, వారి స్వాతంత్ర్యమును గుర్తించుటకు 15 కోట్ల ఫ్రాంకులు చెల్లింపవలెనని శాసించినది. ఆ మొత్తము 1838లో తగ్గింపబడినను, ఋణభారము ఆ చిన్నదేశమును తరతరములు వెన్నంటినది. బానిసగా ఉన్నవాడు తన విడుదలకు తానే మూల్యము చెల్లించినాడు.

ఇంగ్లండు విషయము తెలుగువారికి మరింత సమీపము. 1833లో బ్రిటిషు పార్లమెంటు తన సామ్రాజ్యములోని అధికభాగమునందు బానిసత్వమును రద్దుచేయు శాసనము చేసినది. అది మానవచరిత్రలో మహత్కార్యము. అందుకొఱకు 2 కోట్ల పౌనుల పరిహారము మంజూరైనది. కాని అది బానిసలకు గాక వారి యజమానులకు ముట్టినది. సరిగా ఆ 1833లోనే, ఆంగ్ల కంపెనీ ఏలుబడిలోనున్న గుంటూరు సీమలో నందన కరువు ప్రజలను కబళించుచుండెను. సుమారు 5 లక్షల జనములో 2 లక్షలవరకు నశించిరని అంచనాలు కలవు. ఒకే సంవత్సరమున ఒకే రాజ్యముయొక్క రెండు ముఖములివి. కథ ఇచ్చటితో ముగియలేదు. గోదావరిజలములను పొలములకు మరలింపవలెనని పట్టుపట్టినవాడును ఆంగ్లేయుడే. ఆర్థరు కాటను పర్యవేక్షణమున 1847లో ప్రారంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. గోదావరిమండలపు రైతు నేటికిని ఆయనను స్మరించుచున్నాడు. ఆ రైతునకు కృతజ్ఞతయు తగినదే. గుంటూరు మృతుల జ్ఞాపకమును తగినదే. ఒకదానికొఱకు మరియొకదానిని చెరిపివేయనక్కరలేదు.

అయినచో సామ్రాజ్యములు లేని, శాంతముగా బ్రతికిన చిన్నదేశమును ఎన్నుకొందమని ఎవరైన అనవచ్చును. స్విట్జర్లండు అందుకు తగిన పేరు. దాని అంతర్యుద్ధములలో చివరిది 1847లో జరిగినది; రెండు ప్రపంచయుద్ధములలోను ఆ దేశము తటస్థముగా నిలిచినది. కాని అచ్చటి స్త్రీలకు సమాఖ్య ఎన్నికలలో వోటుహక్కు 1971లోగాని లభింపలేదు. ఒక చిన్న ప్రాంతమున స్థానికవోటుకొఱకు 1990లో న్యాయస్థానము కల్పించుకొనవలసివచ్చినది. దారిద్ర్యముతోను, నిరక్షరాస్యతతోను పోరాడుచుండిన భారతదేశమో 1950నాటి రాజ్యాంగముతోనే స్త్రీపురుషులందరకు సమానముగా వోటునిచ్చినది. ఆ రాజ్యాంగమే తన 17వ అధికరణముచేత అస్పృశ్యతను నిషేధించినది. నిషేధింపవలసిన దోషము యుగములుగా ఉండెనని దానియర్థము. ఒకచోట ముందున్నవాడు వేరొకచోట వెనుకబడియుండును.

ఈ విచారణవలన ఒక అపాయము రాకుండ చూచుకొనవలెను. ఏ దేశచరిత్రయు నిష్కళంకము కాదనుట, అన్ని కార్యములును సమానములే అనుట కాదు. బానిసలను విడిపించుట మంచిది, అమ్ముట చెడ్డది. ఆనకట్ట మేలు, ఆకలిచావు కీడు. కార్యములను తూచవచ్చును, తూచియే తీరవలెను. తూచరానిదల్లా ఒక జాతిని మొత్తముగా ఒక తట్టలోను, మరియొక జాతిని మొత్తముగా ఇంకొక తట్టలోను ఉంచుట.

కార్యాలయ జీవితమునుండి ఒక ఉపమానము. వార్షిక పనితీరు నివేదికలో ఉద్యోగి తన పనినిగూర్చి తానే కొంత వ్రాయును. పిమ్మట పై అధికారి, ఆ పైన మరియొక అధికారి తమ అభిప్రాయములు వ్రాయుదురు. స్వయముగా వ్రాసికొన్న భాగముతోనే నివేదిక ముగిసినచో అందరును అత్యుత్తములే అగుదురు. దేశములు మాత్రము తమ నివేదికలను తామే వ్రాసికొని, తామే సంతకము చేసి, తామే ఆమోదించుకొనుచున్నవి. అనుకూలమైన కాగితములనుంచి ప్రతికూలమైనవానిని తొలగించిన ఫైలును ఏ బాధ్యతగల అధికారియు అంగీకరింపడు. చరిత్రవిషయమున మాత్రము అట్టి ఫైలునే పిల్లలచేతికిచ్చి వల్లెవేయింతుమా?

అందుచేత, ఏ చరిత్రము శ్రేష్ఠమని గాక, చరిత్రను చెప్పుకొనుటలో ఏ విధానము శ్రేష్ఠమని అడుగుట మేలు. దీనికి సమాధానము కలదు. మెలోస్‌లో జరిగిన ఘోరమును లోకమునకు తెలిపినవాడు ఏథెన్సు శత్రువు కాడు. ఆ నగరపు పౌరుడే, దాని సేనానులలో ఒకడైన తుసిడిడీసు. కాశ్మీరమున 12వ శతాబ్దిలో రాజతరంగిణిని రచించిన కల్హణుడు, చరిత్రకారుడు రాగద్వేషములు విడిచి న్యాయాధిపతివలె ఉండవలెనని కోరి, తన దేశపురాజుల దుష్కృత్యములను దాచక వ్రాసినాడు. మొన్నమొన్న 2005లో జర్మనీ తన రాజధాని నడిబొడ్డున, తాను చంపిన యూదులకొఱకు 2,711 కాంక్రీటు దిమ్మెలతో స్మారకమును నిర్మించుకొన్నది. విజయస్తంభములు లోకమున కోకొల్లలు, అపరాధస్తంభములు అరుదు.

తెలుగువారి పూర్వులును ఈ విషయమున సంకుచితులు కారు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. మన చరిత్ర మనకు తెలియవలెనను తపనతోనే ఆ గ్రంథమాల వెలసినది. అయినను దాని మొదటి గ్రంథము ఏ తెలుగురాజు చరిత్రయు కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. బానిసలను విడిపించిన పరదేశీయుని కథ తెలుగుబిడ్డకు పరాయిది కాదని ఆ పెద్దలు భావించిరి. ఆ మండలియే పిమ్మట ఆంధ్రుల చరిత్రమును గూడ ప్రకటించినది. రెండింటికిని విరోధము లేదు. తన యింటిని ప్రేమించుటకు పొరుగింటిని తక్కువచేయనక్కరలేదు.

మఱియొక సంగతి. ఏ దేశచరిత్రయు పూర్తిగా ఆ దేశపు సొత్తు కాదు. విజయనగర వైభవమును కన్నులకు కట్టినట్లు వర్ణించిన పేసు, నూనిజులు పోర్చుగీసువారు. వారి వ్రాతలను ఆంగ్లమున 1900లో ప్రకటించినవాడు రాబర్టు స్యూయెలు. తెలుగు తాళపత్రములను సేకరించి కాపాడినవారిలో బ్రౌనుదొర పేరు చెప్పని తెలుగువాడు ఉండడు.

ఇందుకు ప్రత్యక్షసాక్షి ఢిల్లీనగరములోనే కలదు. ఫిరోజ్‌షా కోట్లా శిథిలములపై నిలిచియున్న రాతికంబమును అనేకులు చూచియుందురు. దానిని నాటించి ధర్మశాసనములు చెక్కించినవాడు మౌర్యచక్రవర్తి అశోకుడు. కళింగయుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షాయేబదివేలమంది చెరగొనిపోబడిరనియు, అంతకు అనేకరెట్లు నశించిరనియు తన పదుమూడవ శిలాశాసనమున తానే చెప్పుకొని పశ్చాత్తాపపడినవాడు. ఆ కంబముమీదనే 12వ శతాబ్దిలో చౌహానురాజు విగ్రహరాజు తన విజయములను వ్రాయించినాడు. 14వ శతాబ్దిలో తుగ్లకు సుల్తాను ఫిరోజ్‌షా దానిని టోప్రానుండి ఎంతో జాగ్రత్తగా తెప్పించి ఇచ్చట నిలిపినాడు. అప్పటికి అశోకుని లిపిని చదువగలవారు లేరు. 1837లో దానిని చదివినవాడు కలకత్తా టంకశాలలో ఉద్యోగియైన జేమ్స్ ప్రిన్సెపు. శాసనములలోని ప్రియదర్శి అశోకుడేనని తేల్చుటకు సింహళమునందలి బౌద్ధచరిత్రగ్రంథములు తోడ్పడినవి. వానిని వెలికితెచ్చినవాడు అచ్చటి ప్రభుత్వోద్యోగి టర్నరు.

ఇది ఎవరి చరిత్ర? మౌర్యునిదా, చౌహానునిదా, సుల్తానుదా, ఆంగ్లేయునిదా, సింహళభిక్షువులదా? వీరిలో ఏ ఒక్కరు లేకున్నను ఆ కంబము నేడు మూగరాయియే. పిల్లలు మరల ప్రశ్నించినప్పుడు, ఒక సెలవుదినమున వారినచ్చటికి కొనిపోయి ఈ ఐదుగురి కథలను వరుసగా చెప్పిన చాలును. ఏది శ్రేష్ఠమో వారు మరల అడుగరు. తరువాత ఏమి జరిగినదని అడుగుదురు. చరిత్రవిద్యకు అదియే ఆరంభము.