బొమ్మ క్రింద పేరు



ఈ భివండీలో రేయింబవళ్ళు సాంచాల చప్పుడు నడుమ బ్రతికే మనకు చిత్రకళతో పని ఏమని కొందరు అనవచ్చును. కాని కరీంనగర్ జిల్లా అన్నారంలో 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డిగారు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, 1939లో డిప్లొమా పొంది, గొప్ప చిత్రకారులైనారు. మనవారు ఇటు వచ్చినది మగ్గం కోసమే కాదు, కుంచె కోసం కూడా.

మన ఇండ్లలో పల్లె బొమ్మలు లేకపోలేదు. క్యాలెండరు మీద పల్లెపడుచు బిందె ఎత్తుకొని నవ్వుతుంటుంది. చూడ ముచ్చటే. అయితే గుంటమగ్గం ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టిన పిల్లవాడు అందులో లేడు. ఆ పిల్లవాడే మనలో ఎందరికో తండ్రి, తాత.

ఉన్నది ఉన్నట్లు చిత్రించినవారూ ఉన్నారు. వంగదేశపు చిత్రకారుడు చిత్తప్రసాద్ 1943 కరవులో మేదినీపూర్ పల్లెలు తిరిగి, ఆకలిగొన్నవారిని సిరాతో గీసినారు. పలు బొమ్మల ప్రక్కన ఆ మనిషి పేరు, ఊరు వ్రాసినారు. ‘హంగ్రీ బెంగాల్’ అనే ఆ పుస్తకం ప్రతులను నాటి ఆంగ్ల ప్రభుత్వం తగులబెట్టించినది. తరువాత ఆయన బొంబాయి అంధేరీలో స్థిరపడి, కూలికి పోయే పసివారి బొమ్మలను లినోలియం పలకలపై చెక్కి అచ్చువేసినారు. వాటిని 1969లో డెన్మార్కు యునిసెఫ్ సంఘం పుస్తకంగా వెలువరించినది.

పేరు వ్రాయుటలోనే అంతా ఉన్నది. పేరులేని బీదవానిని చూచి జాలిపడతాము, మరునిమిషం మరచిపోతాము. పేరు, ఊరు తెలిసినచో అతడు ఒక తల్లి బిడ్డ, ఒక ఇంటి మనిషి.

ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఆ నాటి పేదరికం చెప్పుటకు మనం సిగ్గుపడుతున్నాము. వేపపువ్వు లేకుండా ఉగాది పచ్చడి చేస్తామా? కనుక మా మనవి ఒక్కటే. పండుగనాటి చిత్రలేఖన పోటీలో పూర్ణకుంభంతోపాటు తాత, నాయనమ్మల బాల్యాన్ని కూడా గీయించండి. “తాతా, నీవు కండెలు చుట్టేటప్పుడు దీపం ఎక్కడ పెట్టేవారు? బడికి ఎన్నాళ్ళు పోయినావు?” అని పిల్లలు అడిగి తెలుసుకొని గీయవలెను. అందం కోసం ఏమీ చేర్చరాదు, సిగ్గుతో ఏదీ దాచరాదు. బొమ్మ క్రింద ఆ పెద్దల పేరు, ఊరు తెలుగులో వ్రాయవలెను.

చెప్పగల పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని జరగవలెను.