సంతకు ముందు మన కుండకు



మాంసం మనకు పండగనాటి కూర. మిగతా రోజుల్లో మన్యం ఇళ్లను నిలబెట్టినవి చోడి అంబలి, సామ అన్నం, కంది, చిక్కుడు. ఇప్పుడు చింతపల్లి, అరకు వైపు పండిన రాజ్‌మా సంతకు పోతోంది. మనం కోటా బియ్యంలో పలుచని చారు పోసుకుంటున్నాం.

రాజ్‌మాను రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తబడేదాకా బాగా మరిగించండి. సగం ఉడికితే కడుపు పాడవుతుంది. గుమ్మడి ముక్కలు, ఉల్లి, మిర్చి, ఉప్పు వేసి మగ్గనివ్వండి. వేడి సామ అన్నంలో కలిపితే ఇంటిల్లిపాదికీ నిండు భోజనం.

కొత్తల పండగ చేయకుండా కొత్త పంట ముట్టం కదా! అలాగే అమ్మకముందే తినడానికి కొంత, విత్తనానికి కొంత దాచండి. మగపిల్లలూ, మీరూ పొయ్యి దగ్గర కూర్చోండి. వండేవాళ్లు లేకపోతే విత్తనమూ మిగలదు.